ముందు పళ్ళు

ఫోన్ ఇంకా మోగలేదు. పదికీ పదకొండుకీ మధ్య ఎప్పుడైనా చేస్తామని వీసా ఆఫీసువాళ్ళు రాశారు. హాల్లో మాస్టారి కుర్చీ పక్కనున్న చిన్న బల్ల మీద దాన్ని వెల్లకిలా పెట్టి, మోగితే నేను నొక్కుతాను, మాట్లాడాల్సింది మాత్రం మీరు అని పిన్నిగారు ఆయనకు పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నారు. నేను వంటగదిలో స్టూలు మీద, తలుపు బార్లా తీసి పెట్టుకుని, ఆయన చెవీ చెంపా, దుప్పటి కింద నుంచి కనిపించే మేజోళ్ళూ చూస్తూ కూర్చున్నాను. దరఖాస్తు పెట్టుకున్న మనిషి ఆ సంభాషణలో నోరు మెదపకూడదని అదే కాగితంలో ఇంకో వరుసలో ఉంది. నోరు మెదపకుండా కూర్చోవడం నాకు కొత్తేమీ కాదు. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళూ తెర వెనకే కూర్చున్నాను, ఇప్పుడు తెర బదులు తలుపుంది, అంతే తేడా. అవతలి మనిషి అడగబోయేది ఒకే సంగతి, ఈవిడ మీ దగ్గర కట్టుడు పళ్ళు చేసేదా అని. చేసేదని ఆయన చెబితే నాకు దూరదేశంలో ఉద్యోగానికి వీసా వస్తుంది, చెప్పకపోతే రాదు, నెలాఖరు దాటితే ఆ ఉద్యోగం ఇంకొకరి పాలవుతుంది. ఇంత చిన్న మాట. మాస్టారికి ఈ పొద్దున కట్టుకున్న భార్య, ఈ పిన్నిగారి పేరు గుర్తు రావడానికే చాలాసేపు పట్టింది.

కుళాయి సరిగ్గా కట్టలేదు, సింకులో గిన్నె మీద చుక్క చుక్కగా పడుతోంది, లేచి కడదామంటే స్టూలు కిర్రుమంటుందని భయం, మోగని ఫోనుకు నా చప్పుడు వినపడుతుందని భయపడుతున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. నీళ్ళ చుక్క చప్పుడు వింటే నాకెప్పుడూ ఆ గదే గుర్తొస్తుంది. బట్టల దుకాణం పైన మేడ మీద రెండు గదులు, పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిచ్చే మాస్టారి వర్క్‌షాపు, ముందు గదిలో ఆయనా, ప్లాస్టర్ అచ్చులూ, మైనం కరిగించే దీపమూ, వెనక గదిలో కొలిమీ నేనూ, మధ్యలో ఆకుపచ్చ తెర. గాజు పలక మీద పింగాణీ పొడిని నీళ్ళతో కలిపి, సన్నని కుంచెతో లోహపు తొడుగు మీద కొంచెం కొంచెంగా పేర్చాలి, చిగుళ్ళ దగ్గర కాస్త గోధుమ రంగు, నడుమ లేత పసుపు, కొసకు వచ్చేసరికి వెలుగు లోపలికి దిగేలా పల్చగా, ఆ తర్వాత కొలిమిలో పెట్టడం, తీసి చూడటం, బాగా లేకపోతే మళ్ళీ పేర్చడం. వేళ్ళు ఎప్పుడూ తడిగానే ఉండేవి. ఎండాకాలంలో కూడా నా చేతులు చల్లగా తగిలేవి, ఇంట్లో మా ఆయన చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడి వదిలేసేవాడు. మాస్టారు నన్ను పేరు పెట్టి పిలిచింది మొదటి రోజు ఒక్కసారే. ఆ తర్వాత అంతా పింగాణీ. పింగాణీ, ఆ పన్ను అయిందా, పింగాణీ, భోంచేశావా. మైనం పని చేసే పెద్దాయన్ని మైనం అనేవారు, ఆ పెద్దాయన పోయినప్పుడు కూతురు వచ్చి మా నాన్న పోయారండీ అని పేరు చెబితే ఎవరి గురించి చెబుతోందో మా ఇద్దరికీ కాసేపు అర్థం కాలేదు.

మనుషుల్ని చూసే పద్ధతి కూడా అక్కడే మారిపోయింది. నాకు ముఖం తర్వాత, పళ్ళు ముందు. మొన్న వీసా ఆఫీసు కౌంటర్లో అమ్మాయి, మీ అనుభవానికి రుజువు సరిపోలేదండీ అంటుంటే నేను ఆవిడ పై వరుసలో ఎడమ పక్క పన్ను చూస్తూ నిలబడ్డాను, తొడుగు, మరీ తెల్లగా ఉంది, మిషన్ కోసింది, పక్కనున్న వాటితో దానికి పొత్తు కుదరలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగేశాను. అసలైన పళ్ళు ఎప్పుడూ తీర్చినట్టు ఉండవు, ఇది మాస్టారు నేర్పింది కాదు, మా అమ్మ నవ్వుతున్న ఫొటో ఒకటి ఉంటే దాన్ని చూసి చూసి నేనే కనిపెట్టాను, నడుమ రెండు పళ్ళకు పక్కనుండే పన్నును వెంట్రుకవాసి లోపలికి తిప్పితే ఆ నోరు కట్టుడు నోరులా కనిపించదు. మొదటిసారి తిప్పినప్పుడు ఆయన చివాట్లు పెట్టారు. వంకర పని పంపితే డాక్టరు మళ్ళీ మన మెట్లెక్కడు అన్నారు. డాక్టరు ఆ వారమే మెట్లెక్కాడు, ఆయాసపడుతూ వచ్చి, "ఏం చెయ్యి అండీ మీది, ఆ పళ్ళు పెట్టించుకున్నావిడ అద్దం ముందు నుంచి కదలడం లేదు" అన్నాడు. తెర ఇవతల నేను కుంచె గాల్లో పట్టుకుని విన్నాను. "అంతా అలవాటండీ" అన్నారు మాస్టారు. ఆ రోజు అంతకంటే ఏమీ అనలేదు. పోను పోను అనడం మొదలుపెట్టారు, ముందు పళ్ళు ఎవరి చేతికీ ఇవ్వనండీ, అవి నేనే చేస్తాను, నేనే చేస్తాను.

ఆయన చెడ్డవారు కాదు. ఆ పనిలో ఆనవాయితీ అంతే, సరుకు యజమాని పేరు మీద పోతుంది, పంటి మీద ఎవరూ సంతకం పెట్టరు, పైగా తెర వెనక ఆడమనిషి చేస్తోందంటే డాక్టర్లు బేరానికి దిగుతారని ఆయన భయం, ఆ భయంలో కొంత నిజం కూడా ఉంది. అయినా కోపం వచ్చేది. ఇప్పుడూ వస్తోంది, ఇన్నేళ్ళ తర్వాత, ఆయన మేజోళ్ళు చూస్తూ కూడా వస్తోంది, ఒకటి తిరగేసి తొడిగారు. కొత్త పళ్ళు పెట్టుకున్నవాళ్ళ చేత కొరికించి చూడటానికి ముందు గదిలో ఎప్పుడూ ఒక బుట్ట ఆపిల్స్ ఉండేవి, మెప్పు దొరికిన సాయంత్రం ఆయన అందులోంచి పెద్దది ఏరి తెర సందులోంచి నాకు అందించేవారు. నేను తీసుకునేదాన్ని. తినేదాన్ని కూడా. ఇంటికెళ్ళి గిన్నెలు ఎత్తి కుదేసేదాన్ని, ఏమైందే అని మా ఆయన అడిగితే ఏమీ లేదనేదాన్ని.

"ఆ వంటింట్లో కూర్చున్నది ఎవరండీ" అని పిన్నిగారు హాల్లో అడుగుతున్నారు. మాస్టారు మెడ తిప్పి చూశారు. ఎంతో మర్యాదగా చూశారు, మీటరు రాసుకోవడానికి వచ్చిన మనిషిని చూసినట్టు.

"తెలుసులే."

"తెలిస్తే చెప్పండి మరి."

"మీ వాళ్ళే కదా."

పిన్నిగారు నా వైపు చూసి ఫరవాలేదన్నట్టు కళ్ళు మూసి తెరిచారు. ఎలా ఫరవాలేదు పిన్నిగారూ. మళ్ళీ నా పేరు ముక్కలు ముక్కలుగా చెప్పి అనిపిస్తున్నారు, పాస్‌పోర్టులో ఉన్నంత పొడుగునా, ఇంటిపేరుతో సహా, ఆయన బుద్ధిగా అంటున్నారు, ఒక్క అక్షరం తప్పు పోకుండా అంటున్నారు, అన్నవి అన్నట్టే గాలికి పోతున్నాయి. ఇందాక ఆవిడ వంటగదిలోకి వచ్చి గొంతు తగ్గించి, "ఆయనకి ఒంట్లో బాగాలేదని చెప్పి నేనే మాట్లాడతానే అమ్మాయ్, నీ పని నేనెరగనా" అన్నారు. వర్క్‌షాపు లైసెన్సు ఉన్న మనిషే మాట్లాడాలని రాశారు పిన్నిగారూ అన్నాను. "అయితే మగగొంతు పెట్టి మాట్లాడతాను, ఇన్నేళ్ళ కాపురంలో ఆయన దగ్గు కూడా నాకు వచ్చు" అని ఆవిడే ముందు నవ్వారు, నేనూ నవ్వాను, ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మిషన్ వచ్చాకే అంతా తారుమారైంది. డాక్టరు నోట్లో కెమెరా తిప్పి ఆ బొమ్మ పంపిస్తే ఎక్కడో ఒక పెట్టె, దిమ్మలోంచి పన్ను కోసి ఇస్తుంది, చిటికెలో, చవకగా. మెట్లెక్కేవాళ్ళు తగ్గారు, మైనం పెద్దాయన పోయారు, మాస్టారు పోసిన అచ్చునే మళ్ళీ పోయడం, పోశానా లేదా అని నన్ను అడగడం మొదలైంది, ఒకరోజు పిన్నిగారే వచ్చి తాళం వేయించారు. ఇప్పుడు నేను ఒక గోదాములో అట్టపెట్టెలకు టేపు అంటిస్తున్నాను. పని పనే, నామోషీ ఏమీ లేదు, కానీ టేపు అంటిస్తూ అంటిస్తూ నా బొటనవేలు ఆ అట్ట మీద ఏదో నునుపు కోసం వెతుక్కుంటుంది, అది చూస్తే నాకే జాలేస్తుంది. ఆ దూరదేశంలో ఉద్యోగం ఒక ఆసుపత్రిలో, జబ్బు చేసి దవడ పోయినవాళ్ళకు నోరు తిరిగి కట్టే చోటు, అక్కడ చేత్తో చేసేవాళ్ళు కావాలట. వీడియోలో నా చేత ఒక పన్ను చేయించి చూసి, అప్పటికప్పుడే రమ్మన్నారు. వాళ్ళు చూశారు కాబట్టి వాళ్ళకు రుజువు అక్కర్లేకపోయింది. వీసావాళ్ళు చూడరు, చదువుతారు. జీతం చేతికి ఇచ్చేవారు, చీటీ ఉండేది కాదు, కాబట్టి చదవడానికి మాస్టారి ఉత్తరం ఒక్కటే దిక్కు. మనసు కుదురుగా ఉన్న ఒక పొద్దున ఆయన అంతా చదివి మరీ సంతకం పెట్టారు, కానీ వేళ్ళు వణికి అది లైసెన్సు మీదున్న సంతకంలా రాలేదు. పోలలేదు కాబట్టి ఫోన్ చేసి నేరుగా అడుగుతామన్నారు. ఒక్కసారే చేస్తారట. మా అమ్మాయి మొన్నటిదాకా అక్కడి బడి ఎలా ఉంటుందో, చలికి ఏం తొడుక్కోవాలో తండ్రిని అడుగుతూ ఉండేది, ఇప్పుడు నేను గదిలోకి రాగానే ఇద్దరూ మాట మార్చేస్తున్నారు. ఆ మాట మార్చడం నేను భరించలేకపోతున్నాను.

రుజువు లేకేం, ఊరంతా తిరుగుతోంది. మొన్న బస్‌స్టాపులో ఒకావిడ ఎవరితోనో ఫోన్లో పకపకా నవ్వుతోంది, పై వరుసలో పక్క పన్ను వెంట్రుకవాసి లోపలికి తిరిగి ఉంది, నాదే. ఎవరి నోట్లోనో కూర్చుని కొరుకుతోంది, నములుతోంది, మొగుడి మీద కోపమొస్తే పటపటమంటోంది. అమ్మా, కాస్త నోరు తెరిచి ఒక ఆఫీసులో చూపిస్తారా అని అడగలేను కదా. ఆవిడకు నేను తెలియదు. ఆవిడకు తెలిసింది డాక్టరు, డాక్టరుకు తెలిసింది మాస్టారు, అంతటితో సరి. ఆ డాక్టర్ల దగ్గరికీ వెళ్ళాను. అందరూ కూర్చోబెట్టి మాట్లాడారు, ఒకాయన టీ కూడా తెప్పించాడు, "ముందు పళ్ళు మాస్టారే చేసేవారు కదమ్మా, ఆయన నోటితోనే ఎన్నోసార్లు విన్నాను, లేనిది నేనెలా రాసివ్వను" అన్నాడు. నిజమే, పాపం, ఆయన ఎలా రాస్తాడు.

అందుకే నాకు ఇప్పుడు ఆయన మరిచిపోతారని భయం లేదు. అసలు భయం వేరే. ఈ జబ్బులో కొత్తవి ముందు పోతాయి, ఎక్కువసార్లు అన్నవి ఆఖరి దాకా మిగులుతాయి అని పిన్నిగారు అంటూ ఉంటారు, పేర్లు పోయాయి కానీ, పంటి షేడ్ చూసేటప్పుడు కిటికీ దగ్గర చూడాలమ్మా అని ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళకు చెబుతున్నారు. నా పేరు ఆయన ఒక్కసారే అన్నారు. నేనే చేస్తాను అని ఎన్నిసార్లు అన్నారో లెక్కే లేదు. ముందు పళ్ళు ఎవరు చేసేవారని వాళ్ళు అడగ్గానే ఆ మాట దానంతటదే బయటికి వస్తుంది, నేనే, ముందు పళ్ళు ఎవరి చేతికీ ఇవ్వను, అని ఇంత నిబ్బరంగా చెబుతారు, దాంతో నేను చేసిన పనంతా ఆయన చేసిన పనైపోతుంది, ఈసారి రికార్డులో కూడా. నేను లేచి, కాదు మాస్టారూ అనకూడదు. స్టూలు మీదే కూర్చుని వినాలి.

ఆయన నోట్లో ఉన్నవి కూడా నేను చేసినవే. ఉన్న నాలుగు పళ్ళూ ఊడాక ఆయన ఒకరోజు తాళం లోపల వేసి, తెర పక్కకు లాగి, నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎన్నడూ లేనిది భయపడ్డారు. నేను చేసిన పళ్ళ సెట్టు పెట్టి రెండు బొటనవేళ్ళతో పైకి నొక్కాను, "చేతులేమిటి ఇంత చల్లగా ఉన్నాయి పింగాణీ" అన్నారు, తర్వాత అద్దం చూసుకుని బుట్టలోంచి ఆపిల్ తీసి కొరికారు, కొరికి, నా వైపు చూసి, కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఆ సెట్టు ఊరేగని చోటు లేదు. మాటలతో పళ్ళు అమ్ముడుపోవు, చేతిలో పెట్టి చూపించాలి అని ఆయన సిద్ధాంతం, డాక్టరు వచ్చినా, బ్యాంకులో గుమాస్తా కనిపించినా, పెళ్ళిలో పక్క కుర్చీ మనిషి పలకరించినా నోట్లోంచి ఊడదీసి, చూడండి పనితనం అని చూపించడమే, పిన్నిగారు సిగ్గుతో చచ్చిపోయేవారు. ఎవరి పనితనమో మాత్రం

మోగింది.

పిన్నిగారు నొక్కారు. ఆడగొంతు, చిన్న వయసు, ఎదురుగా ఉన్నది చదువుతున్న గొంతు. ఎక్కడి నుంచి చేస్తున్నదీ చెప్పింది, మాట్లాడేది రికార్డవుతుందని చెప్పింది, మాస్టారి పేరూ లైసెన్సు సంగతీ అడిగింది, అన్నింటికీ ఆయన ఆఁ నేనేనమ్మా, చెప్పండి అన్నారు, ఆ గొంతులో పాత వ్యాపారపు మర్యాద అలాగే ఉంది. తర్వాత నా పేరు చదివింది, ఇంటిపేరుతో సహా.

"ఆవిడ మీ దగ్గర పనిచేశారా అండీ?"

"ఆ పేరుగలవాళ్ళు మా దగ్గర ఎవరూ లేరమ్మా."

పొద్దుటి నుంచి ఆయన చేత నా పేరు అనిపించిందంతా గాలికి పోయింది. పిన్నిగారు కుర్చీ వీపు పట్టుకున్నారు. నేను సింకులో గిన్నె కేసి చూశాను, నిండింది, అంచు మీద నుంచి కారుతోంది. అవతల కీబోర్డు టకటకలాడింది.

"సరేనండీ. పింగాణీ పళ్ళు, ముఖ్యంగా ముందు పళ్ళు, ఆవిడ చేశారని ఉత్తరంలో ఉంది. మీ వర్క్‌షాపులో అవి ఎవరు చేసేవారు?"

ముందు పళ్ళు అన్న మాటకు ఆయన వీపు నిటారుగా లేచింది. దుప్పటి జారింది. ఇక చెబుతారు, నాకు తెలుసు, పెదవులు ఆ మాటకే విచ్చుకున్నాయి.

"ముందు పళ్ళా" అన్నారు. "అవి నేను చెయ్యలేదమ్మా."

"మరెవరు చేశారండీ?"

చూపించాలి కదా. నోట్లో వేళ్ళు పెట్టి పై సెట్టు ఊడదీసి, ఫోను ముందు పట్టుకుని, చెప్పడం మొదలుపెట్టారు. పళ్ళు లేని నోట్లోంచి గాలీ తడీ తప్ప మాట రావడం లేదు. "అర్థం కావడం లేదండీ, మళ్ళీ చెబుతారా" అంది ఆ అమ్మాయి. ఆయన ఇంకా ఉత్సాహంగా, వేలితో ఆ పన్ను చూపిస్తూ మళ్ళీ చెప్పారు. పళ్ళు లేనివాళ్ళ మాటలు వినీ వినీ అలవాటైన చెవి నాది, నాకు ఒక్కొక్క మాటా తెలుస్తోంది. లోపల ఒకమ్మాయి ఉండేది. ఆ పిల్ల చేసేది. నాకా చెయ్యి రాలేదు, నేనే అని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఇదిగో, ఈ పన్ను చూడండి, తిప్పింది, చూశారా, ఎంత కొంచెం తిప్పిందో. అన్నీ పోయినప్పుడు ఆ అబద్ధం కూడా పోయింది ఆయన దగ్గర నుంచి. తెర వెనక కూర్చున్నన్నాళ్ళూ నేను వినాలనుకున్న మాట ఇది, ఈ ఇంట్లో అది అర్థమైంది నాకొక్కదానికే. ఏడుపొచ్చింది, వీసా కోసం కాదు.

"మాట స్పష్టంగా లేదండీ, నేను కాల్ ముగించాల్సి ఉంటుంది" అంటోంది ఆ అమ్మాయి.

స్టూలు కిర్రుమంది. నేను వెళ్ళి ఆయన చేతిలోంచి సెట్టు తీసుకున్నాను, కారుతున్న కుళాయి కింద కడిగాను, వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం పట్టి నోరు తెరిపించి, పెట్టి, రెండు బొటనవేళ్ళతో పైకి నొక్కాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన ఉలిక్కిపడ్డారు. నా ముఖం కేసి చూశారు, ఈసారి మర్యాదగా కాదు.

"ఎప్పుడూ ఇంత చల్లటి చేతులేమిటే పింగాణీ నీవి" అన్నారు.



"మీ పక్కన ఎవరున్నారండీ?" అంది ఆ అమ్మాయి, గొంతు మారింది, ఇప్పుడు చదవడం లేదు.

పిన్నిగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఉండకూడని చోట ఉన్నాను, ఇక అయిపోయినట్టే అనుకున్నాను, కదలలేదు.

"ఎవరేమిటమ్మా" అన్నారు మాస్టారు. "ఈ పళ్ళు చేసినమ్మాయి."

కీబోర్డు మళ్ళీ మొదలైంది. ఆపి ఆపి, చాలాసేపు కొట్టింది.

"ఆవిడ మీ దగ్గర ఎప్పటిదాకా పనిచేశారండీ?"

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. తన దవడ కింద ఇంకా తడారని నా వేళ్ళను పట్టుకుని చూసుకున్నారు.

"ఎప్పటిదాకా ఏమిటి" అన్నారు. "చేస్తూనే ఉందిగా."